బందరు వీధుల్లో ఎం.బి.ఏ.

బందరు పేరు చెప్పగానే మీలో చాలామందికి నోట్లో లడ్డూ కరుగుతుంది. కొందరికి మంగినపూడి బీచిలో కార్తీక స్నానం, చిలకలపూడి పాండురంగడి గుడి గుర్తొస్తాయి. కాస్త పెద్దవాళ్ళయితే ఉప్పెన కబుర్లు మొదలెడతారు. నేను మాత్రం ఈసారి మిమ్మల్ని వేరే పని మీద మా ఊరు తిప్పబోతున్నాను. మా అమ్మాయి ఎం.బి.ఏ. ప్రాజెక్టు పని మీద! నవ్వకండి. ముప్పయ్యేళ్ళుగా కాపురముంటున్న ఊరిని నేను సరిగ్గా చూసింది ఆ నలభై రోజుల్లోనే.

ముందు అమ్మాయి చదువు సంగతి చెప్పాలి. డిగ్రీ బందరులోనే అయింది. ఆ తరువాత ఐసెట్ రాసింది. 200 ప్రశ్నలు, 150 నిమిషాలు. ర్యాంకు మరీ గొప్పగా రాలేదు, మరీ తీసిపారేసేటట్టూ లేదు. మావారు "ఇక్కడే చదివిద్దాం, మన కృష్ణా విశ్వవిద్యాలయం రుద్రవరంలోనే ఉంది కదా, పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేస్తుంది" అన్నారు. ఆ విశ్వవిద్యాలయం 2008లో వచ్చింది. సొంత భవనాలు లేని మొదటి రోజుల్లో మా జాతీయ కళాశాల ఆవరణలోనే నడిచింది. అమ్మాయి మాత్రం కృష్ణ అవతలి ఒడ్డున ఒక ప్రైవేటు యూనివర్సిటీలో చేరతానని పట్టుపట్టింది. పేరెందుకు లెండి. ఆ చుట్టుపక్కల ఇప్పుడు అలాంటివి చాలానే ఉన్నాయి. వడ్డేశ్వరంలో 1980లో ఇంజనీరింగు కాలేజీగా మొదలైన కె.ఎల్. 2009లో డీమ్డ్ యూనివర్సిటీ అయింది. అమరావతి వైపు విట్, ఎస్.ఆర్.ఎం. రెండూ 2017లో తెరిచారు. మా చిన్నప్పుడు ఎం.బి.ఏ. అంటే హైదరాబాదు, వాల్తేరు. ఇప్పుడు బందరులో టిఫిను చేసి బస్సెక్కితే భోజనాల వేళకి హాస్టలు గేటు దగ్గరుంటాం.

ఫీజు దగ్గర వచ్చింది చిక్కు. రెండేళ్ళ చదువు, హాస్టలు, మెస్సు, ల్యాప్‌టాప్, ఇంటర్వ్యూలకి వేసుకునే కోటు... అన్నీ కలిపితే మావారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. చదువు అప్పు కోసం బ్యాంకుకి వెళ్ళాం. ఆడపిల్లల్ని పై చదువులకి పంపాలనుకునే వదినలూ, చెల్లెళ్ళూ, ఇది మీకు పనికొస్తుంది, వినండి. మామూలు పద్ధతిలో నాలుగు లక్షల వరకూ హామీ ఏమీ అడగరు. నాలుగు దాటి ఏడున్నర లక్షల వరకూ మూడో మనిషి పూచీ అడుగుతారు. ఆ పైన అయితే ఆస్తి తనఖా పెట్టాలి. చదువుతున్న కాలం, ఆపైన మరో ఏడాది వాయిదాలు కట్టనక్కరలేదు గానీ వడ్డీ మాత్రం మొదటి రోజు నుంచీ పెరుగుతూనే ఉంటుంది. 2024 చివర్లో వచ్చిన పి.ఎం. విద్యాలక్ష్మి పథకంలో ఎంపిక చేసిన సంస్థలకి తనఖా, పూచీ లేకుండా ఇస్తారు. మీ పిల్ల చేరే చోటు ఆ జాబితాలో ఉందో లేదో సంతకం పెట్టకముందే చూసుకోండి. మేము అప్పు తీసుకున్ననాటికి అది లేదు.

మాకు ఏడున్నర దాటింది. తనఖా పెట్టడానికి ఉన్నది దివిసీమలో మా నాన్న నాకు పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఎకరం.

ఆ ఎకరం గురించి ఒక్కమాట. 1977 నవంబరు 19 రాత్రి ఉప్పెన వచ్చినప్పుడు నాకు ఏడేళ్ళు. నాన్న మమ్మల్ని గుడి అరుగు మీద నుంచి మేడ మీదకి ఎక్కించాడు. తెల్లవారి దిగితే కోతకొచ్చిన చేను లేదు. గొడ్లు లేవు. మా వీధిలో సగం మంది లేరు. ఉప్పునీళ్ళు నిలిచిన నేల ఏళ్ళ తరబడి సరిగా పండలేదు. అమ్మేయమని ఎందరు చెప్పినా నాన్న వినలేదు. కాలవ నీళ్ళు పెట్టి పెట్టి ఉప్పు కడిగి మళ్ళీ పండించాడు. ఆ కాగితాలు బ్యాంకు బల్ల మీద పెడుతుంటే నా చెయ్యి వణికిందంటే నమ్మండి.

సరే, చేర్చాం. హాస్టలు చూసి నేనే ముచ్చటపడ్డాను. ఆరంతస్తుల భవనాలు, నున్నటి రోడ్లు, గది గదికీ నలుగురు పిల్లలు. వారంలో ఆరు రోజులు క్లాసులు. హాజరు నూటికి 75 తగ్గితే పరీక్షకి రానివ్వరు. మిడ్ పరీక్షలు, క్విజ్‌లు, అసైన్‌మెంట్లు అన్నీ కలిసి మార్కులు. చివర్లో ఒక్క పరీక్ష గట్టెక్కితే చాలనుకునే మా కాలం చదువు కాదు. మొదటి ఏడాది అందరికీ ఒకటే పాఠాలు... లెక్కల పద్దులు, మార్కెటింగు, మనుషులతో పని చేయించుకునే తీరు, గణాంకాలు. రెండో ఏడాది ఫైనాన్సో, మార్కెటింగో, హెచ్.ఆర్.ఓ ఎంచుకోవాలి. మధ్యలో వేసవిలో ఏదైనా కంపెనీలో పనిచేసి రిపోర్టు రాయాలి.

ఇవన్నీ బాగానే ఉన్నాయి. దసరా సెలవులకి ఇంటికొచ్చిన పిల్ల మాత్రం బాగాలేదు. మూడు రోజులు సరిగా మాట్లాడలేదు. నాలుగో రోజు గారెలు వేస్తుంటే వంటింట్లోకొచ్చి గోడకి ఆనుకుని నిలబడి, "అమ్మా, మానేస్తానే" అంది. పొయ్యి ఆపేశాను.

వాళ్ళకి గ్రూప్ డిస్కషన్ అని ఒకటుంటుంది. పదిమందిని గుండ్రంగా కూర్చోబెట్టి ఒక విషయం ఇచ్చి మాట్లాడమంటారు. నగరాల నుంచి వచ్చిన పిల్లలు గలగలా ఇంగ్లీషులో దంచేస్తుంటే మా పిల్ల నోరు విప్పే సందే దొరకలేదట. ఒకరోజు ధైర్యం చేసి మొదలెడితే ఒక మాట పలికిన తీరుకి ఎవరో నవ్వారట. అప్పటి నుంచీ నోరు కుట్టేసుకుంది. "మా తాత ఉప్పు కడిగిన పొలం తాకట్టు పెట్టి నేను అక్కడ నోరు మూసుకుని కూర్చుంటున్నానమ్మా" అంటూ ఏడ్చింది. నా దగ్గర జవాబు లేదు. నాకేం తెలుసు గ్రూప్ డిస్కషన్ల గురించి? గారెలు మాడిపోయాయి. ఆ పూట పెరుగన్నమే తిన్నాం.

వెళ్ళింది, మళ్ళీ. వెళ్ళక ఏం చేస్తుంది, ఫీజు కట్టేశాం. వేసవి వచ్చేసరికి స్నేహితులంతా హైదరాబాదు, బెంగుళూరు కంపెనీల్లో ఇంటర్న్‌షిప్‌లు దొరికించుకున్నారు. దీనికి దొరకలేదు. అప్పుడు వాళ్ళ లెక్చరరు ఒకాయన, "మీది బందరు కదమ్మా, మీ ఊళ్ళో వ్యాపారం లేదా?" అన్నాడట. ఆయన మామూలుగానే అడిగి ఉంటాడు. ఇది ఆ మాట పట్టుకుని మే నెలలో పెట్టె సర్దుకుని ఇంటికొచ్చింది. ఎండలో ఒక్కదాన్నీ పంపలేక నేనూ గొడుగు పట్టుకుని వెంట నడిచాను.

ఇప్పుడు మీరూ రండి.

కోనేరు సెంటరు నుంచి మొదలుపెడదాం. మా ఊళ్ళో పేటల పేర్లు ఎప్పుడైనా విన్నారా? వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం. వలందలంటే హాలెండు వాళ్ళు. పరాసులంటే ఫ్రెంచివాళ్ళు. ఆ పేర్లలో ఏముందని నేనెన్నడూ అడగలేదు. పాలవాడి ఇల్లు ఎక్కడంటే వలందపాలెం, అంతే. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఓడ 1611లో ఇక్కడికొచ్చి వర్తక స్థావరం పెట్టుకుంది. అప్పటికే డచ్చివాళ్ళు ఉన్నారు. వాళ్ళందరూ వచ్చింది మన బట్ట కోసం. డచ్చివాళ్ళ సమాధుల తోట ఇప్పటికీ ఉంది, చెక్కిన రాళ్ళతో. అమ్మాయి ఆ రాళ్ళ మధ్య నిలబడి, "అమ్మా, మాకు బహుళజాతి కంపెనీలంటూ నలభై పేజీల పాఠం ఉంది. వాటి ముత్తాతలు ఇక్కడ పడుకున్నారు" అంది.

1864 నవంబరు 1న ఇక్కడ కూడా ఒక ఉప్పెన వచ్చింది. ముప్పయి వేలమంది పోయారంటారు. రేవు వైభవం ఆ తరువాత కోలుకోలేదు. ఇప్పుడు మళ్ళీ 2023 మే నెలలో కొత్త రేవు పనులు మొదలయ్యాయి. మా వీధిలో మగవాళ్ళు ఏ అరుగు మీద కూర్చున్నా దాని కబుర్లే.

జాతీయ కళాశాలకి వెళ్ళాం. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య గార్లు కలిసి నిలబెట్టిన విద్యాలయం. 1910 నుంచీ ఉంది. అక్షరాలతోపాటు నేత, వడ్రంగం వంటి చేతిపనులూ నేర్పించేవారు. జెండా పింగళి వెంకయ్య గారు కూడా ఇక్కడ పాఠాలు చెప్పినవారే. పుస్తకం చదువుతూనే పని నేర్చుకోవడమన్నది వందేళ్ళ కిందటే ఇక్కడ ఉందన్నమాట. అప్పుడు దాన్ని ఇంటర్న్‌షిప్ అనలేదు, అంతే తేడా.

పట్టాభి గారు డాక్టరు. బందరులో వైద్యం చేసేవారు. ఆయనే 1923 నవంబరు 20న ఆంధ్రా బ్యాంకుని రిజిస్టరు చేయించారు. 28న వ్యాపారం మొదలైంది. చేతిలో ఉన్న మూలధనం లక్ష రూపాయలు. ఎక్కడో మద్రాసు షావుకార్ల దగ్గర కాక మన రైతుకి, మన చిన్న వర్తకుడికి మన ఊళ్ళోనే అప్పు పుట్టాలన్నది తాపత్రయం. 1980లో జాతీయమైంది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. మా మామగారి పాత పాసుబుక్కు ఇప్పటికీ బీరువాలో ఉంది. ఆ పేరున్న బోర్డు తీసేసిన రోజు మావారు ఆ వీధి వెంట నడవలేదు, చుట్టు తిరిగి వచ్చారు. మగవాళ్ళు ఇలాంటివి పైకి చెప్పరు కదా.

రిపోర్టుకి మూడు చేతిపనులు ఎంచుకుంది... పెడన కలంకారీ, లడ్డూ, చిలకలపూడి రోల్డుగోల్డు.

పెడన పది కిలోమీటర్లు. గుడివాడ రైల్లో కూడా వెళ్ళవచ్చు. అద్దకం షెడ్లోకి అడుగుపెడితే మొదట తగిలేది వాసన. కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్ళలో గుడ్డ ముంచి ఎండబెడతారు. పాలలోని జిడ్డు ఉంటే రంగు పక్కకి పాకదట. వంటింట్లో ఇన్నేళ్ళున్నా పాలకి ఈ ఉపయోగం నాకు తెలియదు సుమండీ! నల్లరంగుకి తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో రోజుల తరబడి ఊరవేస్తారు. ఎర్రరంగు పట్టడానికి పటిక. టేకు చెక్క మీద చెక్కిన అచ్చుని రంగులో అద్ది గుడ్డ మీద పెట్టి అరచేత్తో ఒక్క దెబ్బ. మళ్ళీ అద్దడం, మళ్ళీ దెబ్బ. గీతకి గీత అతికినట్టు కలుస్తుంది. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు, మా దగ్గర అచ్చులతో వేస్తారు, అదీ తేడా. ఆపైన పారే నీళ్ళలో ఉతకాలి, రాగి కాగులో ఉడకబెట్టాలి, మళ్ళీ ఎండ. ముసురు పడితే పని ఆగిపోతుంది. ఆగినా తిండి ఆగదు. అమ్మాయి దీన్ని నిర్వహణ మూలధనం అనే పేరుతో రాసుకుంది.

అక్కడ ఒక పెద్దాయన రెండు దుప్పట్లు పక్కపక్కన పరిచి, "ఏది అచ్చు, ఏది స్క్రీను ప్రింటు, చెప్పండమ్మా" అన్నాడు. నేను తప్పు చెప్పాను! స్క్రీను ప్రింటుది తక్కువ ధరకి దొరుకుతుంది, చూపుకి అదే. అందుకే అచ్చు పనివాళ్ళకి గిరాకీ పోతోంది. మీరు కలంకారీ కొనేటప్పుడు గుడ్డ వెనక్కి తిప్పి చూడండి. రంగు లోపలికి దిగిందా, గీత అక్కడక్కడా కొంచెం తప్పిందా అని. చెయ్యి పడ్డచోట ఆ తప్పు ఉంటుంది.

లడ్డూ సంగతి మీకు వేరే చెప్పాలా? కానీ తొక్కుడు లడ్డూ అని ఎందుకంటారో తెలుసా? శనగపిండిని జంతికల్లా వేయించి, దంచి, జల్లించి, బెల్లం పాకంలో కలిపి, మళ్ళీ నెయ్యి పోస్తూ రోకళ్ళతో తొక్కుతారు. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి వేసే పోటే ఆ లడ్డూకి మెత్తదనం ఇస్తుంది. బూందీతో చుట్టేసి బందరు లడ్డూ అనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. 2017లో దీనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కొట్టాయన మా అమ్మాయి ప్రశ్నలకి ఓపిగ్గా జవాబులు చెప్పాడు గానీ నెయ్యి కొలత దగ్గరకొచ్చేసరికి, "అది మాత్రం మా అబ్బాయికి కూడా ఇంకా చెప్పలేదమ్మా" అని నవ్వేశాడు. వ్యాపార రహస్యం అంటే ఏమిటో దీనికి అప్పుడు అర్థమైందట.

అసలు కథ చిలకలపూడిలో ఉంది. అక్కడ మా ఆడపడుచు ఉంటుంది. మా రోల్డుగోల్డు నగలు మీ బీరువాలో కనీసం ఒక జత అయినా ఉండి ఉంటాయి. రాగి నగకి బంగారు పూత. పోతేపల్లిలో నగల పరిశ్రమకంటూ ప్రత్యేకంగా ఒక పార్కే ఉంది. కానీ పనిలో చాలా భాగం ఇళ్ళలో, ఆడవాళ్ళ చేతుల్లో జరుగుతుంది. మా వదిన ఇరవై ఏళ్ళుగా రాళ్ళు పొదుగుతోంది. మధ్యాహ్నం గిన్నెలు కడుక్కున్నాక కిటికీ దగ్గర పీట వేసుకుని కూర్చుంటుంది. జత ఇంతని డబ్బులు. శనివారం ఒకతను వచ్చి తీసుకెళ్ళి మళ్ళీ ఖాళీ నగలూ, రాళ్ళ పొట్లాలూ ఇచ్చి వెళ్తాడు.

అమ్మాయి నోటు పుస్తకం తీసి, "అత్తా, ఒక జత పొదగడానికి ఎంతసేపు పడుతుంది?" అంది.

"ఏమోనే అమ్మడూ, చూడలేదు. టీవీ చూస్తూ చేస్తాగా."

"ఈరోజు చూద్దాం."

ఫోనులో గడియారం పెట్టింది. ఒక జత. రెండో జత. ఊడిపోయిన రాయి వెతుక్కోవడం, జిగురు ఆరడానికి ఆగడం, కళ్ళు నులుముకోవడం, అన్నీ లెక్కేసింది. కరెంటు పోతే కిటికీ దగ్గరకి జరగడం కూడా. సాయంత్రానికి గంటకి ఎంత పడుతోందో తేలింది. మేనకోడలు ఆ అంకె కింద గీత గీసి పుస్తకం తిప్పి చూపించింది. వదిన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "ఈ అంకె ఎక్కడా రాయకే, మీ మామయ్య చూస్తే బాగుండదు" అంది. అందుకే నేనూ ఇక్కడ రాయడం లేదు.

నాకు భయం వేసింది. హాయిగా టీవీ చూస్తూ పని చేసుకునే మనిషికి ఈ లెక్క చెప్పి ఏం బాగుపరిచినట్టు? దారిలో అమ్మాయిని కోప్పడ్డాను కూడా. "రిపోర్టు రాసుకుని నువ్వు వెళ్ళిపోతావు, అక్కడ కూర్చుని పొదగాల్సింది ఆవిడ" అన్నాను. అది మాట్లాడలేదు. రాత్రి మాత్రం, "అయితే చెప్పకుండా ఉంటే మంచిదా అమ్మా?" అని అడిగింది. అది మంచి ప్రశ్నేనని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, అప్పుడు మాత్రం నిద్రపొమ్మన్నాను.

రెండు వారాల తరువాత శనివారం వదిన ఆ వచ్చినతన్ని గుమ్మంలోనే నిలబెట్టిందట. రేటు పెంచమని అడగలేదు. "చిన్న రాళ్ళవాటికి, పెద్ద రాళ్ళవాటికి ఒకే రేటు ఎలా? చిన్నవాటికి రెట్టింపు సేపు పడుతోంది, ఇదిగో చూడు" అని తను రాసుకున్న కాగితం చూపించిందట. అతను గొణిగాడు, వెళ్ళాడు, వచ్చే వారం చిన్న రాళ్ళవాటికి కాస్త కలిపి ఇచ్చాడు. ఎక్కువేం కాదు లెండి. పక్కింటి ఇద్దరు మాత్రం కాగితాలు పట్టుకుని వదిన దగ్గరికి వచ్చారట.

ఆగస్టులో ప్రాజెక్టు వైవా. బయటి నుంచి వచ్చిన పరీక్షాధికారి ముందు పదిహేను నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడాలి. ముందురోజు రాత్రి ఫోను చేసి, "అమ్మా, భయంగా ఉంది" అంది. "పెడనలో ఆ తాత గుడ్డ తిప్పి చూపించాడు చూడు, అది చెప్పు, మిగతాది అదే వస్తుంది" అన్నాను. నాకు తెలిసింది అంతే. చెప్పిందట. మధ్యలో ఇంగ్లీషు మాట దొరకక కరక్కాయ అని తెలుగులోనే అనేసిందట. ఎవరూ నవ్వలేదు. ఆయన కరక్కాయ గురించే ఇంకో మూడు ప్రశ్నలు వేశాడట.

చదువు అయిపోయింది. ఉద్యోగం వచ్చింది, హైదరాబాదులో, మేమనుకున్నంత జీతానికి కాదు. వాయిదాలు మొదలయ్యాయి. నా ఎకరం కాగితాలు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి. మొన్న పండక్కి వచ్చినప్పుడు మేనత్తని చూడ్డానికి చిలకలపూడి వెళ్ళాం. కిటికీ దగ్గర పీట పక్కన స్కూలు నోటు పుస్తకం, దానికి దారంతో కట్టిన పెన్సిలు. వదిన కళ్ళజోడు పైకి తోసుకుని మేనకోడల్ని ఎగాదిగా చూసి, "అవునే, ఆఫీసులో పొద్దున్నుంచి రాత్రి తొమ్మిదింటిదాకా ఉంటున్నావుట. గంటకెంత పడుతోందో చూసుకున్నావా?" అంది.

అమ్మాయి నా వైపు చూసింది. నేను పాండురంగడి గుడికి టైమవుతోందని లేచాను.